పార్కు కోర్టులో పుట్టిన ఛాంపియన్ పాంచో గొంజాలెస్

టెన్నిస్ అంటే మన హాస్టళ్లలో చాలామందికి టీవీలో చూసే ఆట. కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, బాల్ బ్యాడ్మింటన్ మనవి. క్రికెట్ అందరిదీ. టెన్నిస్ మాత్రం ఎక్కడో క్లబ్బు గోడ వెనకాల ఉంటుంది. నేను హైస్కూలు చదివిన ఊళ్లో ఆ గోడ దాటి బంతి రోడ్డు మీద పడితే ఏరి తెచ్చి ఇవ్వడం వరకే మా హాస్టల్ పిల్లల టెన్నిస్. అందుకని మీరు ఈ వ్యాసం పేరు చూసి పేజీ తిప్పేస్తే నేను ఆశ్చర్యపోను. కానీ ఒక్క మాట. టీవీలో ఏ మ్యాచ్ చూసినా 7-6 అనే స్కోరు కనిపిస్తుంది కదా, దాన్ని టై బ్రేక్ అంటారు. ఆ పద్ధతి తొందరగా రావడానికి కారణమైన ఒక ప్రసిద్ధ మ్యాచ్ ఉంది. దాన్ని 41 ఏళ్ల వయసులో గెలిచినవాడు ఇళ్లకు రంగులు వేసుకుని బతికే మనిషి కొడుకు. కోచ్ లేడు, క్లబ్బు లేదు, చదువు సగంలో ఆగిపోయింది. పేరు పాంచో గొంజాలెస్.

అసలు పేరు రిచర్డ్ అలొంజో గొంజాలెస్. 1928 మే 9న అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం లాస్ ఏంజిలిస్ నగరంలో పుట్టాడు. తల్లి కార్మెన్, తండ్రి మాన్యుయెల్. వాళ్లు మెక్సికో దేశంలోని చివావా ప్రాంతం నుంచి బతుకుదెరువు కోసం వలస వచ్చినవాళ్లు. ఏడుగురు పిల్లల్లో ఇతనే పెద్దవాడు. తండ్రి పెయింటింగ్ పని, తల్లి కుట్టుపని. ఇంటికి పెద్ద కొడుకంటే ఏమిటో మనకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

పాంచో అన్నది అతని పేరు కాదు. మెక్సికో మూలాలున్న మగపిల్లాడు ఎవడు కనిపించినా తెల్లవాళ్లు అలవాటుగా పిలిచే పిలుపు. ఎవరి పేరు ఏమిటో కనుక్కునే శ్రమ కూడా పడకుండా అందరికీ ఒకే పేరు తగిలించడం అన్నమాట. ఇంట్లో రిచర్డ్ అనేవాళ్లు. లోకం మాత్రం చివరిదాకా పాంచో అనే పిలిచింది. చెంప మీద పొడుగాటి మచ్చ ఒకటి ఉండేది. చిన్నప్పుడు ఆటబండి తోలుతూ కారు ప్రమాదంలో పడితే తగిలిన గాయం అది. చూసినవాళ్లు మాత్రం కత్తి పోటే అనుకునేవారు. మెక్సికన్ కుర్రాడి మొహం మీద మచ్చ ఉంటే కత్తి తప్ప ఇంకేం గుర్తొస్తుంది వాళ్లకు?

ఆ రోజుల్లో కాలిఫోర్నియా ఎలా ఉండేదో కొంచెం చెప్పాలి. లాస్ ఏంజిలిస్ పక్కనే ఉన్న పాసడీనా పట్టణంలో మునిసిపాలిటీ వారి ఈత కొలను ఒకటి ఉండేది. నల్లవారికీ, మెక్సికన్లకూ, ఆసియా వారికీ అందులో వారానికి ఒక్క రోజే ప్రవేశం. ఆ రోజు గడిచాక నీళ్లు తోడేసి కొత్తనీళ్లు నింపేవారు. ఊరి బావి కథలు విని పెరిగినవాళ్లం కాబట్టి ఇది చదివి మనం వింతపడం. 1943 జూన్‌లో లాస్ ఏంజిలిస్ వీధుల్లో నావికాదళం సిపాయిలు గుంపులు గుంపులుగా తిరిగి మెక్సికన్ కుర్రాళ్లను బట్టలు చింపి కొట్టారు. అప్పటికి పాంచోకు 15 ఏళ్లు.

పన్నెండేళ్లప్పుడు క్రిస్మస్‌కి సైకిలు కొనివ్వమని తల్లిని అడిగాడు. సైకిలుకు డబ్బు చాలక ఆమె 51 సెంట్లు పెట్టి ఒక టెన్నిస్ రాకెట్ తెచ్చి చేతిలో పెట్టింది. అంటే డాలరులో సగానికి ఒక్క సెంటు ఎక్కువ. కొడుకు సైకిలెక్కి రోడ్ల మీద తిరిగితే ప్రమాదమన్న భయం కూడా ఆమెకు ఉండేదంటారు. ఏదైతేనేం, ఆ రాకెట్ పట్టుకుని ఇంటికి దగ్గరలోని ఎక్స్‌పొజిషన్ పార్కుకు వెళ్లాడు. అక్కడ నగరపాలక సంస్థ కట్టించిన సిమెంటు టెన్నిస్ కోర్టులు ఉండేవి. ఎవరైనా వెళ్లి ఆడుకోవచ్చు. పెద్దవాళ్లు ఎలా నిలబడుతున్నారో, సర్వీస్ చేసేటప్పుడు బంతిని ఎంత ఎత్తుకు ఎగరేస్తున్నారో కంచె పక్కన నిలబడి చూసేవాడు. చూసింది చేసి చూసుకునేవాడు. అదే అతని కోచింగ్. జీవితంలో ఒక్క పాఠానికి కూడా ఫీజు కట్టలేదు. పార్కులో ఒక చిన్న టెన్నిస్ సామాన్ల షాపు ఉండేది. దాన్ని నడిపే ఫ్రాంక్ పూలెయిన్ అనే ఆయన ఈ కుర్రాడి ఆట గమనించి, పాత రాకెట్లు, బంతులు ఇచ్చి, మంచి ఆటగాళ్ల కళ్లలో పడేలా చేశాడు. ఇలాంటివాళ్లు చరిత్రలో ఒక్క వాక్యంలోనే వస్తారు గానీ, వాళ్లు లేకపోతే మిగతా చరిత్ర ఉండదు.

ఇక్కడ కాసేపు పాంచోను ఆపి కాలిఫోర్నియా టెన్నిస్ సంగతి చెప్పుకోవాలి. అది తెలియకపోతే ఇతనికి జరిగింది అర్థం కాదు.

కాలిఫోర్నియా విస్తీర్ణం సుమారు 4.24 లక్షల చదరపు కిలోమీటర్లు. 2014కు ముందున్న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు ఒకటిన్నర రెట్లు పెద్దది. అమెరికా తూర్పు తీరంలో టెన్నిస్ అంటే పచ్చగడ్డి కోర్టులు, డబ్బున్నవాళ్ల క్లబ్బులు. చలికాలం వస్తే ఆరుబయట ఆట బంద్. కాలిఫోర్నియాలో, ముఖ్యంగా దక్షిణాన, ఏడాది పొడుగునా ఎండే. పైగా ఊరూరా పార్కుల్లో, బడుల్లో సిమెంటు కోర్టులు వేశారు. గడ్డి పెంచే ఖర్చు లేదు, తోటమాలి అక్కర్లేదు. సిమెంటు మీద బంతి వేగంగా, తిన్నగా లేస్తుంది కాబట్టి గట్టిగా సర్వీస్ చేసి నెట్ దగ్గరికి దూసుకెళ్లే ఆట అక్కడ పెరిగింది. ఓక్లాండ్ నగరంలో లాండ్రీ బండి నడిపే ఆయన కొడుకు డాన్ బడ్జ్ పార్కు కోర్టులో నేర్చుకుని, 1938లో ఒకే ఏడాది నాలుగు పెద్ద టోర్నమెంట్లూ గెలిచిన మొదటి మనిషి అయ్యాడు. శాన్ డియాగోలో మునిసిపల్ కోర్టుల్లో ఆడి పెరిగిన మౌరీన్ కానొలీ 1953లో అదే పని చేసిన మొదటి మహిళ. శాన్ ఫ్రాన్సిస్కోలో గోల్డెన్ గేట్ పార్కు నుంచి ఆలిస్ మార్బుల్ వచ్చింది. క్లబ్బు గోడ లేని చోట ఎంతమంది పుట్టుకొస్తారో చూడండి.

అయితే కోర్టు ఉచితం గానీ, పోటీ ఉచితం కాదు. పార్కులో ఎవడైనా ఆడుకోవచ్చు. టోర్నమెంటులో పేరు రాయించుకోవాలంటే అసోసియేషన్ ఒప్పుకోవాలి. దక్షిణ కాలిఫోర్నియా టెన్నిస్ అసోసియేషన్‌ను పెర్రీ టి. జోన్స్ అనే ఆయన దశాబ్దాల పాటు ఒంటిచేత్తో నడిపాడు. ఆయన ఆఫీసు 1920లో స్థాపించిన లాస్ ఏంజిలిస్ టెన్నిస్ క్లబ్‌లో. సినిమా తారలు వచ్చి కూర్చునే పెద్ద టోర్నమెంటు ఒకటి ఏటా అక్కడ జరిగేది. దాని మీద వచ్చే ఆదాయంతో పిల్లల ఆటకు ఖర్చు పెట్టేవారు. ఏ కుర్రాడికి రాకెట్లు ఇవ్వాలి, ఎవరికి క్లబ్బులో పెద్ద ఆటగాళ్లతో ప్రాక్టీసు దొరకాలి, ఎండాకాలంలో ఎవరిని ఖర్చులిచ్చి తూర్పు తీరపు పోటీలకు పంపాలి, అన్నీ ఆయనే తేల్చేవాడు. పాత పత్రికల వాళ్లు ఆయనను టెన్నిస్ జార్ చక్రవర్తి అనేవారు.

జోన్స్‌ను ఒట్టి దుర్మార్గుడిగా రాసేయడం తేలిక. కానీ అది నిజం కాదు. రైల్వే ఉద్యోగి కొడుకైన జాక్ క్రేమర్‌ను ప్రపంచ ఛాంపియన్ స్థాయికి తెచ్చింది ఈ ఏర్పాటే. టెడ్ ష్రోడర్, లూయీజ్ బ్రౌ లాంటివాళ్లూ దాన్లోంచే వచ్చారు. ఒక పెద్ద రాష్ట్రంలో పిల్లల్ని వెతికి, వయసుల వారీగా పోటీలు పెట్టి, పై మెట్టుకు పంపే యంత్రాంగం అమెరికాలో అంత బాగా ఇంకెక్కడా లేదని చెప్పవచ్చు. కానీ ఆ యంత్రానికి ఒక నమూనా ఉండేది. తెల్లని బట్టలు, దువ్విన జుట్టు, బడిలో మంచి మార్కులు, పెద్దల ముందు వినయం. 1950ల మధ్యలో బిల్లీ జీన్ కింగ్ పదకొండేళ్ల పిల్లగా ఆ క్లబ్బుకు వెళ్తే, తల్లి కుట్టిన నిక్కరు వేసుకుందనీ, టెన్నిస్ స్కర్టు లేదనీ గ్రూప్ ఫొటోలో నిలబడనివ్వలేదు. తర్వాత ఆమె ఎంత పెద్ద ఛాంపియన్ అయిందో తెలిసిందే.

ఇక పాంచో. తన వయసు పిల్లల్లో అప్పటికే ముందు వరుసలో ఉన్నాడు. కానీ బడికి పోడు. పొద్దున్నే పుస్తకాలు పట్టుకుని బయల్దేరడం, పార్కులో తేలడం. మనలో కొందరికి బాగా తెలిసిన పనే, పేర్లు రాయను. అసోసియేషన్ నిబంధన ప్రకారం బడికి వెళ్లని పిల్లలు టోర్నమెంట్లలో ఆడకూడదు. జోన్స్ విచారించాడు, హాజరు చూశాడు, పాంచోను పోటీల నుంచి తప్పించాడు. పదిహేనేళ్ల వయసులో తలుపు మూసుకుపోయింది.

ఇది మెక్సికన్ అన్న వివక్షా, లేక నిజంగా హాజరు గొడవేనా అన్నది ఇప్పటికీ తెగని వాదన. జోన్స్ రూలు ప్రకారమే చేశాడని ఒక వర్గం అంటుంది. తెల్లని బట్టల కుర్రాడై ఉంటే ఏదో దారి చూసేవాడని ఇంకో వర్గం. నా మటుకు నాకు రూలు తప్పనిపించదు. బడి మానేసిన పిల్లాడికి కప్పు చేతికిస్తే మిగతా పిల్లలకు ఏం చెబుతాం? మన హాస్టల్‌లో హాజరు పట్టీ లేకపోతే మనలో ఎంతమందిమి డిగ్రీ దాకా వచ్చేవాళ్లం? మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది, అది హాజరు పట్టీ పుణ్యమే అని ఒప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. కానీ ఆట ఒక్కటే అతన్ని పట్టి ఉంచిన తాడు. ఆ తాడు కోసి ఊరుకున్నారు. బడికి ఎందుకు పోవడం లేదో అడగడానికి ఒక్కరూ ఆ ఇంటికి వెళ్లినట్టు ఎక్కడా కనిపించదు. శిక్ష వేసే రూలు ఉంది గానీ వెనక్కి పిలిచే రూలు లేదు.

ఫలితం ఎలా ఉండాలో అలాగే ఉంది. పోటీలు లేక, బడి లేక తిరుగుతూ దొంగతనం కేసులో పట్టుబడ్డాడు. ఏడాది పాటు బాలనేరస్థుల నిర్బంధంలో ఉన్నాడు. బయటికొచ్చి 1945లో నావికాదళంలో చేరాడు. అక్కడా క్రమశిక్షణ కుదరలేదు. చెడు ప్రవర్తన అని ముద్ర వేసి 1947లో ఇంటికి పంపేశారు. చదువు లేదు, ఉద్యోగం లేదు, కాగితాల మీద రెండు మచ్చలు. వయసు 19. నేను ఈ వయసులో డిగ్రీ రెండో సంవత్సరం బ్యాక్‌లాగ్ గురించి బెంగపడుతున్నాను.

పెద్దల విభాగంలో ఆడే వయసు వచ్చింది కాబట్టి బడి నిబంధన ఇక వర్తించదు. 1947లో దక్షిణ కాలిఫోర్నియా పోటీల్లో పాల్గొని, దేశంలో జూనియర్లలో పేరున్న హెర్బ్ ఫ్లామ్‌ను ఓడించాడు. ఇన్నాళ్లూ తలుపు మూసిన జోన్స్ ఇప్పుడు అదే పాంచోను తూర్పు తీరపు పోటీలకు పంపించాడు. ఆయనకు గెలిచే ఆటగాడంటే ప్రాణం. అది కూడా చెప్పాలి కదా.

మరుసటి ఏడాది, అంటే 1948లో, న్యూయార్క్‌లోని ఫారెస్ట్ హిల్స్ క్లబ్బులో జరిగే అమెరికా జాతీయ ఛాంపియన్‌షిప్‌కు పాంచో ఎనిమిదో సీడ్‌గా దిగాడు. గడ్డి కోర్టుల అలవాటు అంతంత మాత్రమే. ఫైనల్లో దక్షిణాఫ్రికాకు చెందిన ఎరిక్ స్టర్జెస్‌ను 6-2, 6-3, 14-12తో ఓడించి, 20 ఏళ్లకే దేశపు ఛాంపియన్ అయ్యాడు. కోర్టుకు మొహం వాచిన కుర్రాడు అయిదేళ్లలో ఆ ఆటకే మొహం అయ్యాడు.

అయినా పెద్దమనుషులు ఒప్పుకోలేదు. టెడ్ ష్రోడర్ ఆ టోర్నమెంటు ఆడలేదు కాబట్టి ఇది గాలివాటు గెలుపని అన్నారు. 1949లో వింబుల్డన్‌లో నాలుగో రౌండులోనే ఓడిపోయేసరికి ఒక విలేకరి అతన్ని చీజ్ ఛాంపియన్ అని వెక్కిరించాడు. గొంజాలెస్ పేరును గోర్గొంజోలా అనే చీజ్ పేరుతో కలిపి వేసిన జోకు. అక్కడి నుంచి తోటి ఆటగాళ్లు గోర్గో అని పిలవడం మొదలుపెట్టారు. మొత్తానికి అతని సొంత పేరుతో పిలవాలని ఎవరికీ తోచలేదు. ఆ ఏడాదే ఫ్రెంచ్, వింబుల్డన్ డబుల్స్ టైటిళ్లు ఫ్రాంక్ పార్కర్‌తో కలిసి గెలిచాడన్నది మాత్రం ఎవరూ పట్టించుకోలేదు.

1949 ఫారెస్ట్ హిల్స్ ఫైనల్లో ఎదురుగా వచ్చింది ష్రోడరే. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో చదివినవాడు, జోన్స్ ఏర్పాటులో పద్ధతిగా పెరిగినవాడు. అదే సంవత్సరం వింబుల్డన్ విజేత. ఇద్దరూ దక్షిణ కాలిఫోర్నియా వాళ్లే. ఒకరు క్లబ్బు ముందు గేటులోంచి వచ్చినవాడు, ఇంకొకరు పార్కు కంచె పక్క నుంచి. మొదటి సెట్ 34 గేములు సాగి ష్రోడర్‌కు 18-16తో పోయింది. రెండోది కూడా 6-2తో అతనిదే. అందరూ అయిపోయిందనుకున్నారు. తర్వాతి మూడు సెట్లు పాంచో 6-1, 6-2, 6-4తో లాక్కున్నాడు. అదే ఏడాది డేవిస్ కప్‌లో ఆస్ట్రేలియా మీద తన రెండు సింగిల్స్ మ్యాచ్‌లూ గెలిచాడు. గాలివాటు అన్నవాళ్లు నోరు మూసుకున్నారు.

ఇప్పుడు ఇంకో గేటు. ఆ కాలంలో వింబుల్డన్, ఫారెస్ట్ హిల్స్, ఫ్రెంచ్, డేవిస్ కప్ అన్నీ అమెచ్యూర్ల పోటీలు. అంటే డబ్బు తీసుకోకుండా ఆడాలి. వినడానికి గొప్పగా ఉంటుంది. కానీ ఇంట్లో డబ్బున్నవాడే డబ్బు తీసుకోకుండా ఆడగలడు. లేదా లోపాయికారీగా ఖర్చుల పేరుతో పుచ్చుకోవాలి. పాంచోకు అప్పటికే పెళ్లయింది, బిడ్డ పుట్టాడు. 21 ఏళ్లకు ప్రొఫెషనల్‌గా మారి జాక్ క్రేమర్ మీద ఊరూరా తిరిగి ఆడే పోటీకి సంతకం చేశాడు. ఒకసారి ప్రొఫెషనల్ అయ్యాక ఆ పెద్ద టోర్నమెంట్ల తలుపులన్నీ మూసుకున్నట్టే. వింబుల్డన్ సింగిల్స్ విజేతల పట్టికలో పాంచో పేరు మీరు వెతికితే దొరకదు. తన ఆట పదును మీద ఉన్న పద్దెనిమిదేళ్లూ అతన్ని లోపలికి రానివ్వలేదు.

క్రేమర్‌తో పోటీలో చిత్తుగా ఓడాడు. 123 మ్యాచ్‌లలో క్రేమర్ 96, పాంచో 27. ఓడినవాడిని మళ్లీ పిలవరు, కొత్త అమెచ్యూర్ ఛాంపియన్‌ను తెచ్చుకుంటారు. అదీ ఆ వ్యాపారం. తర్వాత కొన్నేళ్లు అడపాదడపా ఆడుతూ, ఎక్స్‌పొజిషన్ పార్కులోని ఆ టెన్నిస్ షాపునే కొనుక్కుని రాకెట్లకు తీగలు బిగిస్తూ గడిపాడు. 23, 24 ఏళ్లకు తిరిగి మొదలుపెట్టిన చోటికి.

కానీ ఆ కాలంలోనే సిమెంటు కోర్టు మీద ఒంటరిగా సర్వీస్‌కు మెరుగు పెట్టుకున్నాడు. 1954 నుంచి మళ్లీ అవకాశం వచ్చింది. ఇక అతన్ని ఆపినవాడు లేడు. అమెచ్యూర్లలో గెలిచి వచ్చిన ప్రతి కొత్త ఛాంపియన్‌నూ క్రేమర్ ఇతని మీదికి తెచ్చేవాడు. టోనీ ట్రాబర్ట్ 74-27తో ఓడాడు. కెన్ రోజ్‌వాల్ 50-26తో ఓడాడు. 1958లో ఆస్ట్రేలియా వీరుడు లూ హోడ్ మొదట్లో 18-9 ఆధిక్యం సాధించాడు. అక్కణ్నుంచి పుంజుకుని పాంచో 51-36తో ముగించాడు. అమెరికా ప్రొఫెషనల్ టైటిల్ మొత్తం ఎనిమిది సార్లు గెలిచాడు. సర్వీస్ చేసి వెంటనే నెట్ దగ్గరికి రాకూడదని కొన్నాళ్లు రూలు మార్చి చూశారు, అప్పుడూ అతనే గెలిచాడు. సుమారు ఎనిమిదేళ్లు ప్రపంచంలో అతన్ని మించినవాడు లేడనే అంటారు తెలిసినవాళ్లు.

ఆ ఆట ఎలా జరిగేదో ఊహించుకోండి. రోజుకో ఊరు. బాస్కెట్‌బాల్ హాలు నేల మీద కాన్వాస్ గుడ్డ పరిచి గీతలు గీసిన కోర్టు. మ్యాచ్ అవగానే దాన్ని చుట్టి లారీలో పడేసి రాత్రికి రాత్రి వందల మైళ్లు. మన వైపు సురభి నాటకాల వాళ్ల బండి గుర్తొచ్చింది నాకు. మిగతావాళ్లు కలిసి వెళ్తే, పాంచో తన కారు తనే తోలుకుంటూ ఒంటరిగా వెళ్లేవాడు. డబ్బు విషయంలో ఇంకా విచిత్రం. టిక్కెట్లు అమ్ముడుపోవాలంటే కొత్త పేరు కావాలి కాబట్టి, ఓడిపోబోయే కొత్తవాడికి గెలిచే పాంచో కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ హామీ ఇచ్చేవారు. పని చేసేవాడికి ఒక కూలి, పేరున్నవాడికి ఒక కూలి. క్రేమర్‌తో ఒప్పందం రద్దు చేయించుకోవాలని కోర్టుకు వెళ్లాడు, ప్రయోజనం లేకపోయింది.

ఈ కోపం అతనిలో ఇంకిపోయింది. తోటి ఆటగాళ్లతో మాట్లాడేవాడు కాదు. లైన్ అంపైర్ల మీద, ఫొటోగ్రాఫర్ల మీద, ప్రేక్షకుల మీద అరిచేవాడు. ఆరు పెళ్లిళ్లు, వాటిలో రెండు ఒకే ఆమెతో. ఇంట్లో కూడా కష్టమైన మనిషే. జీవిత చరిత్రలు రాసేటప్పుడు ఇలాంటివి దాచేసే అలవాటు మన సంచికల్లో ఉంది. నేను దాచడం లేదు. బాధ పడ్డవాడు మంచివాడే అయి ఉండాలని రూలేమీ లేదు.

అయితే ఒక చోట మాత్రం అతని చేయి చాచే ఉంది. వర్జీనియా రాష్ట్రంలో నల్లవారికి కేటాయించిన పార్కులో టెన్నిస్ నేర్చుకుంటున్న ఆర్థర్ ఆష్ అనే పిల్లాడికి చిన్నప్పటి నుంచీ ఆరాధ్యుడు పాంచోయే. పెద్ద ఆటగాళ్లందరిలో తెల్లగా లేనివాడు అతనొక్కడే కనిపించాడు కాబట్టి. ఆష్ తర్వాత చదువుకోవడానికి లాస్ ఏంజిలిస్‌లోని యూనివర్సిటీకి వచ్చాడు. అక్కడ పాంచో అతనికి సర్వీస్ దిద్దిపెట్టాడు. ఆష్ 1968లో అమెరికా ఓపెన్, 1975లో వింబుల్డన్ గెలిచాడు. ఒక కంచె పక్కన నిలబడి చూసి నేర్చుకున్నవాడు ఇంకొకరికి లోపల నిలబెట్టి నేర్పాడు.

1968లో అమెచ్యూర్, ప్రొఫెషనల్ తేడా తీసేసి పెద్ద టోర్నమెంట్లు అందరికీ తెరిచారు. పాంచోకు 40 ఏళ్లు నిండాయి, తాత అయ్యే వయసు. అయినా వెళ్లాడు. ఆ ఏడాది ఫ్రెంచ్ ఓపెన్‌లో రాయ్ ఎమర్సన్‌ను ఓడించి సెమీ ఫైనల్ చేరాడు. అమెరికా ఓపెన్‌లో రెండో సీడ్ టోనీ రోచ్‌ను ఓడించాడు.

మొదట్లో చెప్పిన మ్యాచ్ 1969 జూన్ 24న వింబుల్డన్ మొదటి రౌండులో జరిగింది. ఎదురుగా 25 ఏళ్ల చార్లీ పాసరెల్, యూనివర్సిటీలో ఆష్ జట్టు సభ్యుడు. మొదటి సెట్ 46 గేములు, 24-22తో పాసరెల్‌కు. చీకటి పడుతోంది, బంతి కనబడటం లేదు, ఆపమని పాంచో గొడవ పెట్టాడు. ఆపలేదు. కోపంతో రెండో సెట్ 6-1తో వదిలేశాడు, రాకెట్ విసిరేశాడు. ప్రేక్షకులు అరుస్తుండగా బయటికి నడిచాడు. మర్నాడు తిరిగొచ్చి 16-14, 6-3తో రెండు సెట్లు గెలిచాడు. అయిదో సెట్‌లో ఇంకొక్క పాయింటు పోతే ఓటమి అన్న స్థితి ఏడు సార్లు వచ్చింది. రెండు సార్లు తన సర్వీస్‌లో 0-40 నుంచి లేచాడు. కాళ్లు ఈడ్చుకుంటూ, పాయింటుకూ పాయింటుకూ మధ్య రాకెట్ మీద వాలుతూ ఆడాడు. చివరికి 11-9. మొత్తం 112 గేములు, 5 గంటల 12 నిమిషాలు. నిన్న వెక్కిరించినవాళ్లే లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ టోర్నమెంటులో నాలుగో రౌండులో అతన్ని ఓడించింది ఆర్థర్ ఆష్.

ఇలా అంతూపొంతూ లేకుండా సెట్లు సాగకూడదని 1970లో అమెరికా ఓపెన్, 1971లో వింబుల్డన్ టై బ్రేక్ పెట్టాయి. గేముల లెక్కలో వింబుల్డన్‌లో ఆ మ్యాచ్ రికార్డు 2010లో ఇస్నర్, మహూ మూడు రోజులు ఆడినప్పుడు గానీ చెదరలేదు.

1970 జనవరిలో న్యూయార్క్‌లో రాడ్ లేవర్‌తో పదివేల డాలర్ల పందెం మ్యాచ్ ఆడాడు. లేవర్ అంతకు ముందు ఏడాదే నాలుగు పెద్ద టైటిళ్లూ గెలిచి ఉన్నాడు. అయిదు సెట్లలో పాంచో గెలిచాడు. 1972లో డెమోయిన్ పట్టణంలో టోర్నమెంటు గెలిచినప్పుడు 44 నిండటానికి మూడు నెలలే తక్కువ. ఓపెన్ యుగంలో అంత పెద్ద వయసులో టైటిల్ గెలిచిన మగ ఆటగాడు మరొకడు లేడు.

తర్వాత లాస్ వెగాస్‌లోని ఒక పెద్ద హోటల్లో చాలా ఏళ్లు టెన్నిస్ డైరెక్టర్‌గా పనిచేశాడు. చివరి పెళ్లి ఆండ్రీ అగస్సీ అక్క రీటాతో. అదీ నిలవలేదు. కేన్సర్ వచ్చేనాటికి చేతిలో డబ్బు లేదు, చుట్టూ స్నేహితులు ఎక్కువ లేరు. 1995 జూలై 3న లాస్ వెగాస్‌లో చనిపోయాడు. అప్పుడు వింబుల్డన్ రెండో వారం నడుస్తోంది. మొదటి సీడ్‌గా అక్కడ ఆడుతున్న ఆండ్రీ అగస్సీయే అంత్యక్రియల ఖర్చు పెట్టుకున్నాడు.